పడమటి మెట్ల మీద ఎలీషమ్మ

తూంకుంట గ్రౌండులో పడమటి మెట్ల మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

పగలు కూడా కూర్చోరు. గ్యాలరీ కడతామని ఎవరో పెద్దమనిషి మొదలుపెట్టి సగంలో వదిలేసిన సిమెంటు మెట్లవి. పైన ఇనుప చువ్వలు అట్లాగే లేచి ఉంటాయి. చుట్టూ సర్కారు తుమ్మ. దాని వెనక ద్రాక్షతోట. కట్టేటప్పుడు ఇసుక తట్ట నెత్తిన పెట్టుకొని ఎక్కిన ఒక కూలి తల్లి పైమెట్టు మీంచి పడి చనిపోయిందనీ, పోయినా మెట్లు దిగలేదనీ ఊళ్లో మాట. రాత్రి గాలి లేస్తే ఏడుస్తుందట. ఏడాదంతా కాదు సుమా — ఎండలు ముదరకముందు, సరిగ్గా క్రికెట్ టోర్నమెంటు రోజుల్లోనే! ఆమెకూ ఆట పిచ్చే కావచ్చని కొందరు నవ్వేవాళ్లు.

నవ్వేది పగటిపూట మాత్రమే...

కొంచెం దగ్గరికి జరగండి. ఇది నేను చూసింది కాదు. మా గాజులరామారం సంఘంలో పాట ఎత్తుకునే ఎలీషమ్మ నోటితో విన్నది. ఆమె మోకరించినా అబద్ధం చెప్పదు, మోకరించకపోయినా చెప్పదు.

రెండువేల ఒకటి. ఈస్టరుకు ముందు శ్రమకాలపు ఉపవాసాలు నడుస్తున్నాయి. ఎలీషమ్మ జీడిమెట్లలో మందుగోలీల ప్యాకింగుకు పోయేది. అమ్మా నాయినా లేరు. తమ్ముడు ఫిన్నీని తనే సాకింది. పిల్లవాడు పరుగులో జింక. మా బస్తీ టీములో బౌండరీ దగ్గర వాడుంటే బంతి దాటేది కాదు.

కానీ అంతకుముందు ఏడాది ఒక తప్పు జరిగింది. అదే గ్రౌండులో, ఆ మెట్ల కింద ఫీల్డింగు చేస్తూ, వెనక ఏడుపు విని, వస్తున్న బంతిని వదిలేసి పిచ్ మీదికి ఉరికొచ్చాడు. మ్యాచ్ పోయింది. ఆనాటి నుంచి వాడి పేరు ‘ఉరుకుడు ఫిన్నీ’. ఫ్యాక్టరీ గేటు దగ్గర అదే పేరు, చాయ్ హోటల్లో అదే పేరు. దేవుని మందిరంలో కూడా కుర్రాళ్లు అట్లాగే పిలిచారు, ప్రభువు క్షమించుగాక!

ఈసారి మళ్లీ ఫైనల్. మళ్లీ తూంకుంటే. కెప్టెన్ పరమేష్ తేల్చి చెప్పాడు:

“ఆళ్లంతా గా మెట్ల దిక్కే కొడతరు. ఆడ ఎవడూ నిలవడడని ఆళ్లకెరుక. మనల గంత దూరం ఉరికేటోడివి నువ్వే. నిలవడ్తవా, ఆడు. నిలవడవా... ఇగ టీములకు రాకు.”

ఫిన్నీ తలూపాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

శనివారం సాయంత్రం డీసీయం వ్యాను నిండా మనవాళ్లు. కొట్టడానికి స్టీలు పళ్లేలు, తినడానికి పులిహోర. పరాయి ఊరి గ్రౌండుకు మనవాళ్ల కోసం పోయే ఆ కులుకే వేరు! దిగీ దిగకముందే తూంకుంట వాళ్లు అందుకున్నారు:

“పళ్లాలు తెచ్చుకున్నరు, బువ్వ పెట్టాలె గావచ్చు!”

“బువ్వ మేమే తెచ్చుకున్నం బిడ్డా,” అన్నది ఎలీషమ్మ. “కప్పు మాత్రం మీది తీస్కపోతం.”

మన బ్యాటింగు అయింది. చీకటి పడింది. జనరేటరు మీద మూడు దిక్కుల లైట్లు వెలిగాయి — పడమర తప్ప. ఫిన్నీ నడిచిపోయి ఆ చీకటి అంచున నిలబడ్డాడు.

కాసేపు బాగానే ఉంది.

తర్వాత శామీర్‌పేట చెరువు దిక్కు నుంచి గాలి లేచింది...

మ్... మ్మ్మ్... ఊఁ...

సన్నగా. గొంతు నొక్కిపెట్టుకొని ఏడ్చినట్టు. పళ్లేల చప్పుడు దానంతటదే ఆగిపోయింది. ఫిన్నీ ఒక్కడుగు లోపలికి వేశాడు. ఇంకొకటి. తూంకుంట కుర్రాడు శేఖర్ బ్యాటు ఊపాడు. బంతి ఫిన్నీ నెత్తి మీంచి పోయింది.

“ఫిన్నీ తమ్మీ! నీ పెండ్లాం పిలుస్తాంది, ఎనుకకు సూడు!” అని తూంకుంట వాళ్లలో ఒకడు అరిచాడు.

గ్రౌండంతా నవ్వు. ఎలీషమ్మ లేచి నిలబడింది. ప్యాకింగులో తోటి మనిషి పద్మలత ఆమె కొంగు పట్టుకుంది.

“యాడికి? గా మెట్ల మీదికా? నీకేమన్న పిచ్చా అక్కా, పోతే బతుకుతవా?”

“నేను పోకుంటే వాడు బతకడు, పద్మా. ఇడువు.”

బౌండరీ పొంటి చుట్టూ నడిచింది. తూంకుంట వాళ్ల ముందు నుంచే నడిచింది. మొదట ఈలలు వేశారు. ఆమె తుమ్మచెట్ల దిక్కు తిరిగేసరికి ఈలలు ఆగాయి. ఒక ముసలామె మాత్రం “వద్దు బిడ్డా...” అన్నది మెల్లగా.

ఎలీషమ్మ ఎక్కింది. పైమెట్టు దాకా ఎక్కి, చీర సర్దుకొని కూర్చుంది.

“యేసయ్యా,” అనుకున్నది, “ఇది విశ్వాసమో పెంకితనమో నాకు తెల్వది. ఏదైనా సరే... నువ్వు నా పక్కన కూసో.”

కింద నుంచి ఫిన్నీ చూశాడు.

“అక్కా... దిగక్కా... నీ కాళ్లు మొక్కుత...”

“ఇటు సూడకు! నువ్వు ముంగట సూడు. ఎనుక సంగతి నేను సూస్కుంట.”

మ్మ్మ్... ఊఁ... ఊఁ...

ఇప్పుడది దూరం నుంచి కాదు. చెవి వెనకే. ఎలీషమ్మ తల తిప్పలేదు.

“ఏడువు తల్లీ, ఏడువు,” అన్నది. “నీ కట్టం నీకుండొచ్చు. గీ మెట్లు నీయే కావొచ్చు. కానీ గా పిలగాడు నావోడు. వాని జోలికొస్తే మంచిగుండది. నేనైతే లెవ్వ.”

ఆటలో ఆఖరి ఓవరు మొదలైంది. తూంకుంట చేతిలో ఒక్క వికెట్టే మిగిలింది. గాలి పెరిగింది. ఏడుపూ పెరిగింది.

అప్పుడు... మెడ మీద ఏదో పాకింది.

చల్లగా. సన్నగా. పొడుగ్గా.

భుజం దాటి, చెంప దాటి, ముఖం మీదికి వచ్చింది. వెంట్రుకలు! కేక రాలేదు, ప్రార్థన రాలేదు. కాళ్లు లేద్దామన్నాయి — ఆమె లేవనివ్వలేదు. చెయ్యి ఎత్తింది. దొరికినంత దొరకబుచ్చుకొని, పిడికిలికి చుట్టుకొని, బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజింది.

ఏడుపు ఠక్కున ఆగింది.

“ఫిన్నీ!” అని అరిచింది. “దీని జుట్టు నా చేతుల ఉంది! ఇగ నువ్వు బంతిని సూడు!”

జనరేటరు ఒక్కటే కొట్టుకుంటోంది. శేఖర్ అలవాటు కొద్దీ మళ్లీ అటే లేపాడు. బంతి లైట్లు దాటి చీకట్లోకి పోయింది. ఫిన్నీ వెనక్కి నడిచాడు... ఇంకా వెనక్కి... మడమ కింది మెట్టుకు జానెడు ఇవతల ఆగింది. వాడు తిరిగి చూడలేదు. చేతులెత్తాడు.

పట్టాడు!

పళ్లేలు మోగాయి. పరమేష్ ఉరికొచ్చి ఫిన్నీని ఎత్తుకున్నాడు. ఎలీషమ్మ మాత్రం పిడికిలి విప్పకుండా ఒక్కొక్క మెట్టే దిగింది. పిడికిట్లోంచి నల్లగా, బారెడు బారెడు, మెట్ల మీద ఈడుస్తూ వస్తోంది. జనం చీలిపోయారు. ఒకాయన చెప్పులు వదిలేసి మరీ ఉరికాడు. ఆమె లైటు స్తంభం కిందికి వచ్చి చెయ్యి చాపింది.

నల్లగా కాదు, గోధుమరంగు. పలచగా, తళతళా...

పాటల క్యాసెట్లోని రీలు!

తోట కావలి లింగస్వామి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. “అయ్యో, తెంపినవా బిడ్డా! రామసిలుకల కోసం కట్టిన. పండు తయారైతే యేటా కడత. గాలికి మోగితే పిట్ట దగ్గరికి రాదు. తోటల నుంచి గుంజి ఒక కొస గా సువ్వలకు ముడేసిన.”

తర్వాత నవ్వారు చూడండి! తూంకుంట వాళ్లూ మనవాళ్లూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. శేఖరే స్వయంగా కప్పు తెచ్చి ఫిన్నీ చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో వ్యానంతా పాటలు. హకీంపేట దాటుతుండగా ఫిన్నీ అక్క పక్కకు జరిగాడు.

“అక్కా... మస్తు తెలివి నీది. చేతికి తగలంగనే రీలని తెలుసుకున్నవు గదా?”

ఎలీషమ్మ వాడి మొహంలోకి చూసింది.

“ఏడ తెలుస్తదిరా? లైటు కిందికి వచ్చినంకనే సూసిన.”