మూడో ఫ్యూజు

మధ్యాహ్నం రెండున్నరకు రిపేరు షాపులోని పాత రేడియో చీఫ్ గొంతుతో మాట్లాడింది.

“నాలుగింటికి కాన్ఫరెన్స్ హాల్లో శాంతి ఒప్పందం. నాలుగొందల మంది వస్తారు. విదేశీ ముఠా దిగింది. అక్కడి ఆంప్లిఫైయర్ ఊరికే ఫ్యూజులు కొట్టేస్తోందట. వెళ్లి చూడు. అనౌన్సర్ మన ఏజెంటే. కోడ్‌వర్డ్ ‘గొడుగు మర్చిపోయాను’.”

“ఇంకేమైనా?”

“ఏముంటుంది?” క్లిక్.

భోజనం చేశావా అంటాడేమోనని అతని ఆశ. పదకొండేళ్లుగా అతను మెకానిక్ వేషంలో ఉన్నాడు. అసలు పేరుతో పిలిచేవాళ్లు లేక, అది అతనికే పరాయిదైపోయింది.

స్టేజి వెనక గదిలో అనౌన్సర్ ఎదురొచ్చింది. నీలం డ్రెస్సు, కాలరుకి వైర్‌లెస్ మైకు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు.

“గొడుగు మర్చిపోయాను,” అంది. తర్వాత మెల్లగా, “ఒక్కరే ఉంటారా? కష్టం కదండీ!”

అతని కళ్లు చెమర్చాయి. గదిలో దుమ్ము అని సర్దుకున్నాడు.

మొదటి ఫ్యూజు వేసి స్విచ్ నొక్కాడు. టప్. రెండోదీ అంతే. టైము మూడూ నలభై. హాలు నిండిపోయింది.

“ఫ్యూజు బదులు తీగ చుట్టేయండి. అందరూ చేసేదేగా!” అంటూ ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి రాగి తీగ తీసింది.

అతను చెయ్యి చాచి ఆగిపోయాడు. తీగ సరిగ్గా ఫ్యూజంత పొడవుంది. రెండు కొసలూ గీకి ఉన్నాయి. ఇది ముందే ఎందుకు సిద్ధమైంది?

“ముందు బల్బు పెట్టనివ్వండి. నిదానమే ప్రధానం.”

ఫ్యూజు స్థానంలో బల్బు కలిపాడు. భగ్గున వెలిగింది. ఎక్కడో షార్టు. ట్రాన్స్‌ఫార్మర్ వైరు ఊడదీసినా వెలుగు తగ్గలేదు. ఫ్యూజుకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్య ఏమీ ఉండకూడదే! వంగి చూస్తే రెండు సన్నని వైర్లు, వాటి చివర సబ్బుబిళ్లంత బాంబు. బల్బు కరెంటు దానికి చాలదు. ఫ్యూజేమో ముందే పోతోంది. లావు తీగ పడితేనే పేలుతుంది. ముఠా నమ్ముకున్నది మెకానిక్కుల తొందరనే.

ఒంటి చాటున ఆ రెండు వైర్లూ కత్తిరించేశాడు. అప్పుడే వీపుకి ఆమె పిస్టల్ తగిలింది. మన ఏజెంటు ముఠాకి అమ్ముడుపోయిందన్నమాట.

“అన్నీ బిగించు. తీగ చుట్టు.”

బుద్ధిమంతుడిలా చుట్టాడు. ఆమె ఇనుప తలుపు అవతలికి వెళ్లి, సందులోంచి పిస్టల్ గురిపెట్టి, మెయిన్ స్విచ్ తానే వేసింది.

ఏమీ కాలేదు.

“పేలలేదేంటి?” అంది ఆమె.

“పేలలేదేంటి?” అన్నాయి హాల్లోని స్పీకర్లన్నీ. కాలరు మైకు సంగతి ఆమె మర్చిపోయింది. హాలు తలుపు దగ్గరి గార్డులు విన్నారు, పరుగున వచ్చి ఆమెని పట్టేసుకున్నారు.

సాయంత్రం రేడియో పలికింది. “పనయిందా?”

“అయింది. తీగ తీసేసి మూడో ఫ్యూజు వేశా. నిలబడింది.”

“ఇంకేమైనా?”



“ఆవిణ్ణి కాస్త మర్యాదగా చూడమనండి. చంపబోతూ అడిగితేనేం, కష్టమా అని అడిగింది ఆవిడొక్కతే.”