చెరిపేసిన చప్పుడు

బంటుమిల్లి రోడ్డులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. పొద్దుగూకితే అటు వెళ్ళాలంటే మీసాలున్న మహావీరులకే కాళ్ళు వణుకుతాయి. పగలు మాత్రం టీ బడ్డీ దగ్గర కూర్చుని దెయ్యాలకి తొడగొట్టి సవాలు విసురుతారు!

లోపల రెండు చలిగదులు. మధ్యన ఒకటే గోడ. ఏ తలుపు మూసుకున్నా బయటి గడియ దానంతటదే పడిపోతుంది. అందుకని పనివాళ్ళకో పద్ధతుండేది — తలుపు వేసేముందు మూడుసార్లు తట్టాలి. లోపల మనిషుంటే తిరిగి మూడు తట్టాలి.

ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఓ రాత్రి, పోతురాజనే కూలీ రెండో గదిలో ఉండగానే తలుపు పడింది. తట్టాడు. తడుతూనే ఉన్నాడు...

తెల్లారి తలుపు తీస్తే కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు. "మిషను మోతలో వినపళ్ళేదండీ," అన్నాడు ఓనరు. ఆ ఒక్క ముక్కతో చేతులు కడిగేసుకున్నాడు.

ఇక చెప్పబోయేది పోయిన వానాకాలం సంగతి. స్వర్ణలత నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను. వాళ్ళ నాన్న ఒకప్పుడు అక్కడే పనిచేశాడు.

కథల పుస్తకాలు చదివి రికార్డు చేసే పని దొరకబోతోంది ఆమెకి. ఇంట్లో రికార్డు చేసి రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిప్పి పంపారు — వెనక రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోతట. ఇదే ఆఖరిసారి, రాత్రి ఎనిమిదింటికల్లా పంపాలి. లేదంటే మళ్ళీ ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తియ్యడమే.

మందపాటి గోడల చలిగది గుర్తొచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ శోభనాద్రి సైకిలుంది. మనిషి లేడు. "మావయ్యా!" రెండు కేకలేసింది. పలకలేదు. తలుపుకి ఇటుక అడ్డం పెట్టి మొదటి గదిలోకి వెళ్ళింది. గోడవార బల్ల మీద తువ్వాలు మడిచి మైకు పెట్టి, లాప్‌టాప్‌కి తగిలించింది. ఫోను ఆపింది. చదివింది.

చెవికి ఏ చప్పుడూ లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే —

టక్... టక్... టక్.

తువ్వాలు ఇంకో మడత వేసింది. మళ్ళీ చదివింది. మళ్ళీ అదే... టైము ఏడూ నలభై.

అక్కర్లేని చప్పుడిదీ అని చూపిస్తే లాప్‌టాప్ చెరిపేస్తుంది. చెరిపించింది. తన గొంతొక్కటే శుభ్రంగా మిగిలింది. పంపబోతూ, తన మాటలేమన్నా దాంతో కొట్టుకుపోయాయేమోనని, తీసేసిన చప్పుడొక్కటే విడిగా పెట్టి విన్నది.

తను చదివినంతసేపూ ఏమీ లేదు. తను ఊపిరికి ఆగిన ప్రతిచోటా...

మూడు. ఆగడం. మళ్ళీ మూడు.

ఎవరో తన మాట అయ్యేదాకా కాచుకుని మరీ తడుతున్నారు.

"లోపల మనిషున్నాడు!"

హెడ్‌ఫోన్స్ విసిరికొట్టి పక్కగదికి పరిగెత్తింది. గడియ ఎత్తింది. నిల్వ పెట్టిన రొయ్యల మేత బస్తాల మధ్య శోభనాద్రి — గాలాడక మొహం నల్లబడి, నోరు తెరుచుకుని. రెక్కలు పట్టి గేటు దాకా ఈడ్చుకొచ్చింది. నీళ్ళు చల్లింది. కొంగుతో విసిరింది. ఆయన కళ్ళు తెరిచేసరికి ఎనిమిదిన్నర. ఉద్యోగం పోయింది.

పోతే పోయింది.

"తట్టబట్టి బతికావు మావయ్యా."

"తట్టానా? నేనా?" గొంతు పీలగా ఉంది. "ఐదింటికి తలుపు పడిపోయిందమ్మాయ్. రెండు కేకలేసి కూలబడ్డాను. ఆ తర్వాత చెయ్యి లేస్తేగా..."

చీకట్లో, తెరిచున్న తలుపుకేసి చూశాడు.

"నా పక్కన కూర్చుని తట్టినాయన... ఆయన్ని కూడా బయటికి తీసుకొచ్చావా?"