మోతీ ఎక్కడ పడుకుంటుంది?

శనివారం ఒంటిపూట బడి వదలగానే లిడియా పరుగున గేటు దాటింది. బర్నబాస్ మామయ్య తన కుక్క మోతీని పట్టుకుని అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు.

మామయ్య మిలిటరీలో ఇరవై ఏళ్లు కుక్కలకు శిక్షణ ఇచ్చి, మోతీని వెంటబెట్టుకుని తెనాలి వచ్చాడు. ఇక్కడ కుక్కల బడి పెట్టాలని ఆయన కోరిక. ఖాళీ స్థలంలో మొదలుపెడితే మొదటి వానకే అంతా బురదైపోయింది. అందుకే ఇప్పుడు కప్పున్న చోటు కావాలి. చూడాల్సినవి రెండు. ఒకటి లిడియా బడి పక్క ఎస్టీడీ బూత్ వెనకున్న టైల్స్ హాలు, రెండోది రేపల్లె రోడ్డులో పాత బియ్యం మిల్లు గోడౌను.

లిడియా మనసు ఎప్పుడో హాలు మీదికి పోయింది. అక్కడైతే రోజూ ఇంటర్వెల్లో స్నేహితులను తీసుకెళ్లి గొప్పలు పోవచ్చు. అంత దూరం గోడౌనుకి ఎవరొస్తారు?

మామయ్య పద్ధతి మాత్రం వేరు.

"చోటు చూసేది మనం కాదమ్మా, మోతీ. గుమ్మం దగ్గర తాడు విప్పేద్దాం. నచ్చితే తనే లోపల పడుకుంటుంది, లేకపోతే బయటికొచ్చేస్తుంది. మనం పిలవకూడదు, పొమ్మనకూడదు."

హాలు యజమాని రంగనాయకులు గారితో మామయ్య మాట్లాడుతుండగా లిడియా లోపలికి దూరింది. కిటికీలన్నీ బిగించేసిన అద్దాలు. గాలి లేదు, పట్టపగలే లైటు వేయాలి. అయినా నేల తళతళలాడుతోంది కదా అనుకుంది. జేబులోంచి రస్కులు తీసి, ముక్కలు చేసి, స్టేజీ వెనకా మూలల్లోనూ పడేసి వచ్చేసింది.

తాడు విప్పగానే మోతీ గుమ్మంలో ఆగింది. ముక్కు ఎగబీల్చి లోపలికి ఉరికింది. పది నిమిషాలైనా బయటికి రాలేదు.

"నచ్చినట్టుందే. ఇక గోడౌను చూడక్కర్లేదు" అన్నాడు మామయ్య. లిడియా గాల్లో తేలిపోయింది.

అంతలో లోపల దభీమని చప్పుడైంది. మోతీ కుంటుకుంటూ, రొప్పుకుంటూ బయటికొచ్చింది. మామయ్య కాలు పట్టి చూశాడు. దెబ్బేం లేదు, జారిపడిందంతే.

"ఇదెప్పుడూ ఇలా పడలేదండి" అన్నాడు రంగనాయకులు గారితో. మోతీ తల నిమురుతూ మళ్లీ అన్నాడు. "వయసైపోయినట్టుంది. పని మాన్పించి ఇంట్లో ఉంచేయాలిక."

మోతీ వచ్చి లిడియా చెయ్యి నాకింది. చేతికింకా రస్కు వాసన ఉంది. తప్పు తనది, శిక్ష దీనికా? లిడియాకు ఏడుపొచ్చేసింది.

"దానికి వయసవలేదు మామయ్యా. నేనే లోపల రస్కులు వేశాను. వాటికోసం పరిగెత్తి జారింది."

మామయ్య లోపల టైల్స్ నేల వైపు చూశాడు. "ఈ హాలే తీసుకునుంటే ఊళ్లో కుక్కలన్నీ ఇక్కడ ఇలాగే జారిపడేవి కదమ్మా" అన్నాడు. మోతీ మామూలుగా నడిచేదాకా ఆగి, ఆటో పిలిచాడు.

గోడౌనుకి కాపలా ఉండే బసవమ్మ తలుపులు బార్లా తీసింది. గోడల పొడుగునా పెద్ద పెద్ద కిటికీలు. పైన పెంకుల మధ్య అక్కడక్కడా అద్దం పెంకులు. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి గరుకు గచ్చు మీద పడుతోంది. కాలువ వైపు నుంచి చల్లగాలి వస్తోంది.

"తాడు నువ్వే విప్పు" అన్నాడు మామయ్య.

లిడియా మిగిలిన రస్కులు తీసి బసవమ్మకిచ్చింది. "ఇవి మీ దగ్గరుంచండి మామ్మగారూ." జేబు బయటికి లాగి పొడి కూడా దులిపింది. బోరింగు దగ్గరికెళ్లి మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. తాడు విప్పి, గుమ్మానికి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

"అదేంటి, చూడవా?"

"చూస్తే పిలవాలనిపిస్తుంది. నువ్వే చూసి చెప్పు మామయ్యా."

వెనక గచ్చు మీద మోతీ గోళ్ల చప్పుడు ఆ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మధ్యకొచ్చింది. ఆగింది. లిడియా మెడ తిప్పలేదు.

"ఎండలో పడుకుంది" అన్నాడు మామయ్య.

అప్పుడు తిరిగింది లిడియా.