ఉప్పు పడని ఐసు

పంకజాక్షి పిస్తోలు రామచంద్ర నుదుటికి గురిపెట్టి ఉంది. పడవ ఊగుతోంది. ఆమె చెయ్యి మాత్రం ఊగడం లేదు.

పులికాట్ సరస్సు నడుమ, మిట్టమధ్యాహ్నపు ఎండలో, రొయ్యల వ్యాపారి వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్ రామచంద్ర చేతులెత్తి నిలబడ్డాడు. స్మగ్లింగ్ ముఠాకు చెందిన విదేశీయుడు రొయ్యల పెట్టె మీద కాలు పెట్టి నవ్వుతున్నాడు. దూరం నుంచి మోటారు బోటు చప్పుడు దగ్గరవుతోంది. అదొస్తే పెట్టె నేరుగా సముద్రంలో ఆగిన ఓడ ఎక్కేస్తుంది.

"కాల్చెయ్" అన్నాడు విదేశీయుడు.

ఆమె కాల్చింది. గుండు విదేశీయుడి భుజంలో దిగింది. పడవ పక్కన నడుములోతు నీళ్ళలో పడ్డాడు. చప్పుడు విన్న మోటారు బోటు అటునుంచటే వెనక్కి తిరిగింది.

"ఇంతసేపా?" అన్నాడు రామచంద్ర.

"నువ్వు బెదిరేది ఎప్పుడూ సూడలేదబ్బా. ఒక్కతూరి సూద్దామని" అంది పంకజాక్షి, నల్లకళ్ళద్దాలు సరిచేసుకుంటూ. చిత్తూరు బెల్లం మండీవాళ్ళ అమ్మాయి. రెండేళ్ళుగా ముఠా జీతం తింటూ రామచంద్రకు కబుర్లు చేరవేస్తోంది.

విదేశీయుణ్ణి పైకి లాగి కట్టేశాక, పడవ నడిపే ఓబయ్య అడుగున పడుకున్నవాడల్లా తల ఎత్తాడు. ఇక లేవొచ్చునా అని అడిగి, ఒడ్డు వైపు గడ వేశాడు.

రామచంద్ర పెట్టె తెరిచాడు. రొయ్యల కింద ఐసు, ఐసులో సీలు వేసిన స్టీలు ఫ్లాస్కు. అందులో ఉన్నది గామా ఇంటర్‌ఫెరాన్. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి తయారుచేసిన ప్రోటీన్. రోగం వచ్చిందని కణం నుంచి కణానికి కబురు మోసేది. తిరుపతి ప్రయోగశాలలో డాక్టర్ నిర్మలమ్మ ఏళ్ళ తరబడి కష్టపడి తీసిన మొదటి బ్యాచ్. నిన్న రాత్రి శీతలగదిలోంచి మాయమైంది.

పని గెలిచింది. రామచంద్ర మనసు మాత్రం కుదుటపడలేదు. ఆ శీతలగది తాళాలు ఉండేది అతని బావ గోవిందస్వామి దగ్గర. కూతురి పుట్టువెంట్రుకలు తీయించడానికని నిన్న తాళాలు నిర్మలమ్మకిచ్చి కొండకు వెళ్ళాడు. ముఠాకు నకలు తాళాలు చేయించింది అతనేనని చీఫ్ దేవరాజులు తేల్చేశాడు. పొద్దున అలిపిరిలో, గుండు చేయించుకున్న పిల్ల చంకలో ఉండగానే, బావ చేతులకు బేడీలు వేసింది రామచంద్రే. అక్క సిద్ధమ్మ పిల్లను అందుకుని తలకున్న గంధం తుడిచింది. సాయంత్రం బావను ఢిల్లీకి తీసుకుపోతారు. ఆ తర్వాత అతని మాట వినేవాళ్ళుండరు.

కరిగిన ఐసు చేతిని తడిపింది. ఆ చేత్తోనే మూతి తుడుచుకున్న రామచంద్ర ఆగిపోయాడు. మంచినీళ్ళు. మళ్ళీ నాలుక్కి తగిలించాడు. చప్పగా ఉంది.

"ఓబయ్యా, ఐసులో ఉప్పు యాడప్పా?"

"ఆయమ్మ వద్దనింది. ఉప్పు సల్లకుండా పెట్టె కట్టింది నేను ఇదే మొదలు. సల్లితే గదప్పా సలవ ఎక్కేది."

రామచంద్ర పంకజాక్షి వైపు చూశాడు. ఆమె భుజాలెగరేసింది. ప్రయోగశాల సంగతులు అందించే మనిషి ఎవరో ముఠాలో ఎవరికీ తెలియదు. 'నెమలి' అన్న కోడ్ పేరుతో కబుర్లొస్తాయి. తెల్లవారకముందే వచ్చిన కబురు: చల్లగా ఉంచండి, గడ్డ కట్టనివ్వకండి, అందుకే ఉప్పు వేయొద్దు.

 పొద్దున బ్రీఫింగ్‌లో దేవరాజులు తనే చెప్పాడు. ఫ్రీజర్లో గడ్డకట్టి ఉన్న సరుకును నిర్మలమ్మ రాత్రి తన ముందే కరిగించి, ఫ్లాస్కుకు సీలు వేసిందట. ఒకసారి కరిగింది మళ్ళీ గడ్డ కడితే ఎందుకూ పనికిరాదందట. గదిలో ఇద్దరే. ఆ వెంటనే ఎవరో కాఫీలో కలిపిన మందుకు ఆమె కూలిపోయింది. ఇప్పటికీ స్పృహ లేదు. కొండ మీదున్న గోవిందస్వామికి సరుకు కరిగిందనే తెలియదు. అతనైతే ఎంత గడ్డ కడితే అంత మంచిదనుకునేవాడు.

తనను రేణిగుంట స్టేషన్‌లో కాపలా ఉండమని దేవరాజులు ఎందుకు పంపాడో కూడా ఇప్పుడర్థమైంది. పంకజాక్షి కబురే అందకపోతే తను ఈపాటికి ప్లాట్‌ఫారం మీద పెట్టెలు వెతుకుతుండేవాడు.

నడుముకు దాచిన ట్రాన్సిస్టర్ బయటకు తీశాడు. అది వైర్‌లెస్ సెట్. ఒడ్డున తను రమ్మన్న జీపు, జీపు చుట్టూ పోలీసులు, వాళ్ళతో వచ్చి ముందు నిలబడి చెయ్యి చాచిన దేవరాజులు కనిపిస్తున్నారు. పదేళ్ళ కింద రామచంద్రకు తుపాకి పట్టడం నేర్పిన చెయ్యి అది.

"ఫ్లాస్కు నా చేతికే ఇవ్వు" అంది సెట్లో చీఫ్ గొంతు. "గోవిందస్వామి మీద రిపోర్టు రెడీ. నువ్వు సంతకం చేస్తే చాలు."

రామచంద్ర ముందుగా జీపు దగ్గరున్న ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసులును పిలిచి, జీపు స్పీకర్ అందరికీ వినిపించేలా పెంచమన్నాడు. తర్వాత గోవిందస్వామి కాదు సార్ అన్నాడు.

"మరెవరు?"

పంకజాక్షి పిస్తోలు మళ్ళీ పైకి లేచింది. ఈసారి ఒడ్డు వైపు.

"దేవరాజులు" అన్నాడు రామచంద్ర. "రిపోర్టు ఎవరికివ్వాలో మాత్రం తెలియడం లేదు సార్."