పై పోర్షన్‌లో నాలుగో కోచ్

ఆదివారం పొద్దున ఏడున్నరకు విద్యావతి స్టవ్ ముందు నిలబడి ఉప్మా కలుపుతూ, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క సిలిండర్ గురించి ఆలోచిస్తోంది. సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరేనని సర్కారు చెప్పి రెండు నెలలైంది. ముగ్గురున్న ఇంటికి ఆరు ఎలాగో సర్దుకోవచ్చు. కానీ అశోక్‌నగర్‌లోని ఈ ఇంట్లో ఎప్పుడూ నాలుగో మనిషి ఒకడుంటాడు. పై పోర్షన్‌లో పడుకుంటాడు, మూడు పూటలా కిందే తింటాడు, ఏడాది తిరక్కుండా పెట్టె సర్దుకుంటాడు. మనిషి మారతాడు గానీ ఉద్యోగం మారదు. అతను ఫుట్‌బాల్ కోచ్.

వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళకు పై పోర్షన్ నుంచి కిరాయి వస్తుంది. వీళ్ళింట్లో పై పోర్షన్‌కే నెలనెలా జీతం పోతుంది.

ఆమె భర్త ఇంద్రసేనకు నారాయణగూడ చౌరస్తా దగ్గర నల్లాలు, వాష్‌బేసిన్‌లు అమ్మే షాపుంది. మంచి షాపు. దాంతో ఊరుకుంటే అందరికీ బాగుండేది. మూడేళ్ళ కింద చిక్కడపల్లిలో ఓ పాత ఫుట్‌బాల్ క్లబ్బు మూతపడబోతుంటే, చిన్నప్పుడు వాళ్ళ ఆట గోడెక్కి చూసిన ప్రేమకొద్దీ దాన్ని కొనేశాడు. ఆటగాళ్ళకు జీతాలిచ్చి, కొత్తగా మొదలైన ప్రొఫెషనల్ లీగులో దింపాడు. “జట్టు గెలవాలంటే మంచి కోచ్ కావాలె. కోచ్ కాడ పైసలు చూసుకోవద్దు” అన్నాడు. అన్నట్టే చూసుకోలేదు. మొదట గోవా నుంచి ఒకాయన్ని తెచ్చాడు. రోజూ చేప లేనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. తర్వాత కలకత్తా ఆయన వచ్చి పప్పులో చక్కెర వేయమన్నాడు. ఆ తర్వాత కేరళ ఆయన. విద్యావతి ఒక్కొక్కరి రుచి నేర్చుకునేసరికి ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ముగ్గురినీ ఇంద్రసేనే పంపేశాడు. ఎనిమిది జట్లలో వీళ్ళది ఇప్పుడు ఏడో స్థానం. ఈ రోజు ఆఖరి మ్యాచ్. ఓడితే లీగు నుంచి బయటికి.

నాలుగో కోచ్ బుగ్గయ్య ఈ ఊరి మనిషే. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలి పనికి వచ్చిన అమ్మానాన్నలతో అంబర్‌పేట బస్తీలో పెరిగి, బొంబాయిలో పదేళ్ళు ఆడి, పెద్ద లైసెన్సు తెచ్చుకున్నాడు. ఏది పెడితే అది తినేవాడు. ఒక్క ఆ కారణానికే అతను కలకాలం ఉండాలని విద్యావతి కోరుకునేది.

హాల్లో ఇంద్రసేన స్నానం చేసి, క్లబ్బు జెర్సీ వేసుకుని, చిన్న కాగితం మీద ఏదో రాస్తున్నాడు. మ్యాచ్ రోజు పొద్దున ఈ ఇంట్లో ఓ ఆనవాయితీ ఉంది. కోచ్ కిందికొచ్చి టిఫిన్‌కు కూర్చుంటాడు. రెండో ముద్ద నోట్లో ఉండగా ఇంద్రసేన ప్లేటు పక్కన ఓ కాగితం మడిచి పెడతాడు. అందులో పదకొండు పేర్లుంటాయి. “ఊకెనే సార్, నా సలహా” అంటాడు. నోట్లో ముద్ద ఉన్న మనిషి తల ఊపడం తప్ప ఏం చేస్తాడు? మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది.

“అభీ, సార్‌ను పిలువు. చల్లారిపోతది” అంది విద్యావతి.

ఇరవై నాలుగేళ్ళ కొడుకు అభిజిత్ పైకి వెళ్ళి రెండు నిమిషాల్లో దిగొచ్చాడు. అతను ఈ జట్టులోనే లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు వెనక కాపలా కాసే ఆటగాడు.

“సార్ తిననన్నడమ్మా.”

“తినడా? ఒంట్ల బాగలేదా?”

“బాగనే ఉన్నడు. టిఫిన్ వద్దన్నడు, అంతే.”

ఇంద్రసేన రాయడం ఆపి తలెత్తాడు. “వద్దంటే ఏంది? కిందికి రమ్మను. మాట్లాడేదుంది.”

“రానన్నడు నాన్నా.”

విద్యావతికి ఒళ్ళు మండింది. మూడు రాష్ట్రాల కోచ్‌లకు మూడు రకాలుగా వండిన చేయి ఇది. ఇంతవరకు వద్దన్నవాడు లేడు. ఉన్న ఒక్క సిలిండర్ మీద చేసిన ఉప్మాను వద్దంటాడా? డబ్బాలో ఉప్మా పెట్టుకుని తనే మెట్లెక్కింది.

బుగ్గయ్య కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. మంచం మీద సర్దిన బ్యాగు ఉంది. దాన్ని చూడగానే ఆమె కోపం కాస్త తగ్గి, ఆ చోట విసుగు వచ్చి కూర్చుంది.

“మీరు గూడ పోతున్నరా సార్? చెప్తే నేను చపాతీలన్న కట్టిస్తుంటి కద. అందరికి కట్టిచ్చిన.”

“గట్లనకు అక్కా” అన్నాడు బుగ్గయ్య లేచి నిలబడుతూ. “నీ చేతి వంట మీద నాకేం కోపం? కింద కూసోని తింటే సేఠ్ కాగితం ఇస్తడు. నీ ఇంటి ఉప్పు తినుకుంట ఆ కాగితం వద్దని చెప్పనీకి నాకు నోరు రాదు. అందుకే ఇయ్యాల తినొద్దనుకున్న.”

“ఏం కాగితం? ఆయన సలహా ఇస్తడు గంతే కద?”

“సలహా కాదక్కా. టీమే. ఎవరాడాలె, ఎవరు ఎక్కడ ఆడాలె, అన్ని అందులోనే ఉంటయి. మ్యాచ్ నడుస్తుంటే గూడ గ్యాలరీల లేచి ఒర్రుతడు, వాన్ని తియ్యి, వీన్ని దింపు అని. పోరగాళ్ళు నా దిక్కు చూడాల్నా, ఆయన దిక్కు చూడాల్నా?” అతను నుదురు రుద్దుకున్నాడు. “అంబర్‌పేట టీముకు పోచయ్య సార్ కోచ్. రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు. ఏడేండ్ల సంది ఆయనే. మీరు నాకిచ్చే జీతంల నాలుగో వంతు గూడ ఉండదు ఆయనకు. లీగుల వాళ్ళే ఫస్టు. ఆ టీము సేఠ్ మ్యాచ్‌కొస్తడు, పల్లీలు తింటడు, ఇంటికి పోతడు.”

విద్యావతికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. “మరి ముగ్గురు కోచ్‌లు మూడేండ్లు ఆ కాగితం తీసుకున్నరు కద. వాళ్ళెందుకు పోయిన్రు?”

బుగ్గయ్య కిటికీలోంచి కింద వీధి చూశాడు.

“ముగ్గురితోని ఫోన్‌ల మాట్లాడిన. కొన్ని దినాలు తీసుకున్నరు. ఒక దినం ఆ కాగితంల ఒక పేరు కొట్టేసిన్రు. వారం తిరగకముందే పెట్టె సర్దుకున్నరు. ముగ్గురిది ఒకటే కథ. ఇయ్యాల నేను గూడ అదే పేరు కొట్టేస్తున్న, అందుకే బ్యాగు సర్దుకున్న, మ్యాచ్ అయినంక పోవుడే.”

“ఎవరి పేరు?”

“లెఫ్ట్ బ్యాక్ అక్కా.”

ఆమె డబ్బాను మంచం మీద పెట్టేసింది. కన్నతల్లి కదా, మొదట రోషమే వచ్చింది. “మావోడు మంచిగ ఆడడా?”

“అభి చాన మంచి పోరడు. ఆట వానికి తెలిసినంత ఆ టీంల ఎవరికి తెల్వదు. తల్కాయకు తెల్సు, కాళ్ళకు తెల్వదు. ఏం చేస్తం?”

విద్యావతి మెట్లు దిగుతూ లెక్కలు గుర్తు చేసుకుంది. గోవా ఆయన వెళ్ళేముందు అభిజిత్ ఒక మ్యాచ్‌కు ఇంట్లోనే ఉన్నాడు. జలుబన్నాడు. కలకత్తా ఆయన వెళ్ళేముందు మోకాలు నొప్పన్నాడు. కేరళ ఆయనప్పుడు ఏమన్నాడో గుర్తు లేదు. ఇన్నేళ్ళూ కిచెన్‌లో ఎవరికేం వండాలన్న గోలలో పడి, ఇంట్లో ఏం జరుగుతోందో తనే చూడలేదని ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు హాల్లోకి వచ్చేసరికి కోపమైంది.

“ఏమన్నడు? వస్తున్నడా?” అన్నాడు ఇంద్రసేన.

“రాడు. బ్యాగు సర్దుకున్నడు. మ్యాచ్ అయినంక పోతడు.”

“పోతే పోనీ. పుణెల ఒకడున్నడు. రేపే ఫోన్ చేస్త. ఇంతకన్న ఎక్కువిద్దాం.”

“ఇయ్యండి. అతనేం తింటడో గూడ ఇప్పుడే అడుగుండ్రి, నేర్చుకుంట” అంది విద్యావతి. “ఒక్క మాట చెప్పండి. టీము మీరే రాస్తే కోచ్ ఎందుకు? మీరు రాసింది చదివి వినిపించనీకి షాపుల పని చేసేటోళ్ళు చాలరా?”

“నేను ఇంత జీతమిస్తున్న. జర నా మాట గూడ వినొద్దా?”

“వినేటందుకైతే అంత జీతమెందుకు? డాక్టరుకు ఫీజిచ్చి మందుల చీటీ మీరే రాసుకుంటరా?”

ఇంద్రసేన ముఖం ఎర్రబడింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఫుట్‌బాల్ గురించి మాట్లాడడం ఇదే మొదటిసారి. “నీకేం తెలుసని మాట్లాడుతున్నవు? మ్యాచ్‌కెన్నడన్న వచ్చినవా?”

“మ్యాచ్ తెల్వదు. మనుషులు తెలుసు. ముగ్గురు కోచ్‌లు ఎందుకు పోయిన్రో ఇప్పుడు తెలిసింది. అభిని పక్కన పెట్టినందుకు పోయిన్రు. ఇయ్యాల బుగ్గయ్య సార్ గూడ అదే చేస్తడంట. మీరు కోచ్‌లను ఆట నేర్పనీకి తెస్తలేరు. మీ కొడుకు బాగా ఆడుతుండని ఒక పెద్దమనిషి నోట చెప్పిచ్చుకోనీకి తెస్తున్నరు. ఆ ఒక్క మాట కోసం ఇంత ఖర్చు. ఇంకో పది మందిని తెచ్చినా ఆ మాట మీకు దొరకదు.”

అన్నాక ఆమెకే భయమేసింది. కొడుకు అక్కడే, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కన్నతల్లి నోటివెంట ఆ మాట వినాల్సి వచ్చిందే వాడికి అని నాలుక కరుచుకుంది.

ఇంద్రసేన కొడుకు వైపు తిరిగాడు. “విన్నవా మీ అమ్మ మాట? ఆ బుగ్గయ్య ఇయ్యాల నిన్ను తీసేస్తనంటున్నడంట. మూడేండ్ల సంది ఆడుతున్నవు. నేనూకుంటనా?”

“సార్ తీసేయలే నాన్నా” అన్నాడు అభిజిత్. “నేనే అడిగిన, నన్ను తియ్యమని.”

బయట ఎవరో స్కూటర్ స్టార్టు కాక కిక్కు కొడుతూనే ఉన్నారు.

“ఏందిరా?”

“ముగ్గురికి నేనే చెప్పిన. బుగ్గయ్య సార్‌కు గూడ మొన్న చెప్పిన. నా పక్కనుంచే అవతలోళ్ళు వస్తరు. పోయిన మ్యాచ్‌ల రెండు గోల్సు నా దిక్కు నుంచే వచ్చినయి. నా కాళ్ళు అందుకోవు నాన్నా. నాకు పద్దెనిమిదేండ్లప్పుడే తెలుసు. ఫణీంద్ర అని బెంచి మీద ఒక పిల్లగాడున్నడు, నా కన్న మంచిగ ఆడుతడు. వాన్ని చూసినప్పుడల్లా నాకు తిన్నది ఒంటికి పట్టదు.”

“మరి... వాళ్ళను పంపిస్తుంటే నోరు తెరవలేదేంది?”

“తెరవలే. తప్పే. నా వల్ల ముగ్గురి నౌకరీలు పోయినయి.” అతను గోడ వదిలి ముందుకొచ్చాడు. “సార్‌తోని ఉండి కోచింగ్ నేర్చుకుంట నాన్నా. ఇగ నాతోని ఆడుడు కాదు.”

ఇంద్రసేన కుర్చీలో కూలబడ్డాడు. కోపం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “ఇష్టం లేకపోతే, చాత కాకపోతే, ఇన్నేండ్లు ఎందుకాడినవురా? నేను నిన్ను బలవంతం చేసిన్నా?”

“చేయలే.”

“మరి?”

అభిజిత్ తల వంచుకున్నాడు.

“మీరు మ్యాచ్‌కు వచ్చి కూసుంటరు కద నాన్నా. గంటన్నర సేపు నన్నే చూస్తరు. ఇంట్ల ఎన్నడన్న గంటన్నర నా దిక్కు చూసిన్రా? పొద్దున షాపు, సాయంత్రం షాపు. ఆడుడు ఆపేస్తే ఇగ చూడరనుకున్న.”

విద్యావతి కొంగుతో ముఖం కప్పుకుంది. ఇంద్రసేన కొడుకును ఎవరో కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. వాడి కనుబొమ్మ మీద చిన్న కుట్టు మచ్చ ఉంది. అది ఎప్పుడు పడిందో ఆయనకు తెలియదు. ఆ సంగతి తెలియదని అప్పుడే తెలిసింది. కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కాసేపటికి లేచి, చెప్పులైనా వేసుకోకుండా పై పోర్షన్ మెట్లెక్కాడు. కోచ్ కావాలంటే కబురు పంపడమే గానీ, మూడేళ్ళలో ఆయన ఆ మెట్లు ఎక్కింది లేదు. పైన ఏం మాట్లాడుకున్నారో కింద వాళ్ళకు వినపడలేదు. పది నిమిషాల తర్వాత బుగ్గయ్య ఒక్కడే గబగబా దిగి, “అభీ, పా. టైం అయితుంది. నువ్వు నా పక్కన కూసోవాలె ఇయ్యాల” అని వెళ్ళిపోయాడు. బ్యాగు పైనే ఉండిపోయింది.

ఆ రోజు విద్యావతి కూడా స్టేడియానికి వెళ్ళింది. ఎండ చురుక్కుమంటోంది, కూర్చునే చోట దుమ్ము, వెనక వరుసలో ఎవరో చెవిలో బూర ఊదినట్టు అరుస్తున్నారు. దీని కోసమా ఇన్నేళ్ళు ఇంత గోల అనిపించింది ఆమెకు. పక్కన ఇంద్రసేన గ్యాలరీ అంచున కూర్చున్నాడు. ఒక్కసారి కూడా లేవలేదు, అరవలేదు. అభిజిత్ బెంచీ మీద బుగ్గయ్య పక్కన కూర్చుని, వేలితో మైదానంలో ఏదో చూపిస్తూ చెబుతున్నాడు. బుగ్గయ్య తల ఊపి లేచి, ఎవరికో అదే చెప్పాడు.

సగం ఆట అయ్యాక, ఆలస్యంగా వచ్చిన షాపు పక్కాయన కమ్మీ పట్టుకుని వంగి అడిగాడు.

“ఇంద్రసేన సాబ్, మనోళ్ళు ఎంత కొట్టిన్రు? ఎవరు గెలుస్తున్రు?”

“తెల్వదన్నా” అన్నాడు ఇంద్రసేన, బెంచీ మీద నుంచి చూపు తిప్పకుండా. “నేను మావోన్ని చూస్తున్న.”