మంగాయమ్మ మేడలో ఏడుపు

శవం మేడ మీద గదిలో బోర్లా పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఏసుపాదం గుమ్మంలోనే ఆగి చూశాడు. అరవై దాటిన మనిషి. మల్లు పంచె, సిల్కు లాల్చీ. ఒట్టి కాళ్లు. తల వెనక జుట్టు నెత్తురుతో అట్టకట్టింది.

"వెంకటప్పయ్య గారండీ. ఈ మేడ ఆయనదే," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పోలరాజు గొంతు తగ్గించి. "విజయవాడలో కాపురం. ఇన్నేళ్లకి ఇల్లు చూసుకుందామని వచ్చారు. ఆవిడ ఊరుకోలేదు."

"ఎవరావిడ?"

"ఆయన భార్య మంగాయమ్మ గారండీ. అప్పట్లో ఆవిణ్ణి ఇదే గదిలో చంపేశారు."

ఉయ్యూరుకి ఇవతల కాలవగట్టు మీదున్న ఆ మేడ గురించి ఏసుపాదం వినే ఉన్నాడు. 1956లో జరిగిన సంగతి. పాలేరు ఇశ్రాయేలు నగలకు ఆశపడి యజమానురాలిని గొడ్డలితో నరికాడని కేసు. కళ్లారా చూశానని కోర్టులో సాక్ష్యం చెప్పింది వెంకటప్పయ్యే. ఇశ్రాయేలుకి యావజ్జీవం పడింది. మూడేళ్లు తిరక్కుండా జైల్లోనే క్షయతో పోయాడు. అప్పుడు మూతపడ్డ మేడ పద్దెనిమిదేళ్లయినా తెరుచుకోలేదు. చీకటిపడే వేళకి లోపల్నుంచి మంగాయమ్మ ఏడుపు వినిపిస్తుందని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఫ్యాక్టరీకి చెరుకు తోలే బళ్లవాళ్లు ఆ మలుపు రాగానే ఎడ్లను అదిలించి పరుగెత్తించేవాళ్లు.

డాక్టరు శవం పక్క నుంచి లేచాడు.

"జడుసుకుని పడ్డాడంటే నేనొప్పుకోను ఇన్‌స్పెక్టర్. పడితే దెబ్బ ఒకటే తగులుతుంది. ఇక్కడ రెండున్నాయి. నిన్న సాయంత్రం పోయుంటాడు."

ఏసుపాదం తలుపు వెనక చూశాడు. బరువైన కర్ర అడ్డగడియ దూర్చే తొర్ర గోడలో ఉంది. అడ్డగడియ లేదు.

"పోలరాజూ, దయ్యం అడ్డగడియ పట్టుకుపోతుందా?"

పోలరాజు వంగి తలుపు మూల చూశాడు.

"కాలవలో వెతికించు."

కిందికి దిగాడు. వరండా మెట్ల దగ్గర వెంకటప్పయ్య కిర్రుచెప్పులున్నాయి. పక్కపక్కనే ఒద్దికగా, వేళ్లు రోడ్డు వైపుకి పెట్టి ఉన్నాయి. ఏసుపాదం వాటిని చూస్తూ కాసేపు నిలబడిపోయాడు.

ముందుగా కాపలా మనిషి కొండలయ్యని పిలిచాడు. ముసలివాడు.

"శవాన్ని చూసింది నువ్వేనా?"

"చిత్తం. పొద్దున్నే వచ్చి చూశానండి."

"రాత్రి ఇక్కడ లేవా?"

"లేనండి. నిన్న సాయంత్రం అయ్యగారు ఒక్కరే బస్సు దిగి వచ్చారు. నన్ను కల్లుపాకకి పొమ్మన్నారు. తాళాలిచ్చి అటు నుంచటే ఇంటికి పోయానండి."

"ఆయన చెప్పులు ముట్టుకున్నావా?"

"లేదండి. నేనేదీ ముట్టుకోలేదు."

అంతలో విజయవాడ నుంచి కారు వచ్చింది. వెంకటప్పయ్య అన్న కొడుకు వెంకటకృష్ణారావు దిగాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి గబగబా పైకెళ్లి, శవాన్ని చూసి, తెల్లబోయిన మొహంతో దిగివచ్చాడు.

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?" అడిగాడు ఏసుపాదం.

"సినిమాకెళ్లాను."

"ఎవరితో?"

"ఒక్కణ్ణే. నన్ను అనుమానిస్తున్నారా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మీకూ మీ బాబాయికీ గొడవలున్నాయా?"

"ఈ మేడ అమ్మేద్దామంటే ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. అది నిజమే. కానీ మొన్న సరేనన్నాడు. కొనేవాళ్లు చూడ్డానికి వస్తారని రెండ్రోజులుగా ఇల్లు కడిగిస్తున్నాను. నిన్న, అమ్మేలోపు ఒక్కసారి వెళ్లొస్తానన్నాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు."

"కడిగింది ఎవరు?"

వెంకటకృష్ణారావు వరండా చివరికి చూపించాడు. గోడవార యాభై ఏళ్ల మనిషి ఒదిగి కూర్చుని ఉంది.

"దానమ్మ. అప్పట్లో ఇక్కడ వాకిలి పనులు చేసేదట. ఈ కొంపలో అడుగుపెట్టమంటే ఇంకెవరూ రామన్నారు."

పోలరాజు ఏసుపాదం చెవి దగ్గర గొణిగాడు. "ఇశ్రాయేలు పెళ్లామండీ."

ఏసుపాదం ఆమె దగ్గరికెళ్లాడు.

"అందరూ రామంటే నువ్వెలా వచ్చావు?"

"మా ఆయన ఆ గదిలో ఏ పాపం చెయ్యలేదయ్యా. నాకెందుకు భయం?"

"నిన్న ఎప్పుడు వెళ్లిపోయావు?"

"పొద్దుండగానే పోయాను బాబూ. అయ్యగారు వస్తున్నట్టు నాకు తెలియదు."

ఏసుపాదం ఇవతలికి వచ్చి కొండలయ్యతో ఏదో మాట్లాడుతున్నాడు. గోడవార కదలిక కనిపించి తల తిప్పాడు. దానమ్మ లేచి నీళ్ల కుండ దగ్గరికి వెళ్తోంది. మెట్ల దగ్గర వంగింది. వెంకటకృష్ణారావు చెప్పులు చేత్తో తిప్పి పెట్టింది. ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్లిపోయింది. అలా చేసినట్టు ఆమెకే తెలిసినట్టు లేదు.

ఇప్పుడు వాటి వేళ్లు కూడా రోడ్డు వైపుకే ఉన్నాయని ఏసుపాదం చూశాడు.

మధ్యాహ్నం కాలవలో తూటికాడల మధ్య అడ్డగడియ దొరికింది. కొనకి నాలుగు నెరిసిన వెంట్రుకలు అంటుకున్నాయి.

అందరినీ వరండాలోకి పిలిచాడు ఏసుపాదం. పోలరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంట్లోకి వెళ్లేవాడు గుమ్మం ముందు చెప్పులు విడుస్తాడు," అన్నాడు ఏసుపాదం. "అప్పుడు వాటి వేళ్లు ఇంటికేసి ఉంటాయి. వెంకటప్పయ్య గారి చెప్పులు రోడ్డుకేసి ఉన్నాయి. ఆయన లోపలికి వెళ్లాక ఎవరో తిప్పిపెట్టారు. మళ్లీ తొడుక్కోడానికి వీలుగా."

"అదేం గొప్ప విషయం?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"మీకు కాదు. ఆ పని మీ చేత ఎవరూ చేయించలేదు. మా అమ్మ పామర్రులో ఒక ఆసామి వాకిట్లో చేసేది. ఎవరు లోపలికెళ్లినా వంగి చెప్పులు తిప్పేది. మానేసిన పదేళ్లకి కూడా మా ఇంటికొచ్చినవాళ్ల చెప్పులు తిప్పుతూనే ఉండేది." ఏసుపాదం గోడవైపు తిరిగాడు. "ఇందాక నువ్వూ తిప్పావు దానమ్మా. నిన్న ఆయన వచ్చేటప్పటికి నువ్విక్కడే ఉన్నావు."

దానమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"పెరట్లో ఉన్నాను బాబూ," అంది చివరికి. "కొండలయ్య బాబాయి వెళ్లిపోయాక వాకిట్లోకి వచ్చాను. చెప్పులు కనబడ్డాయి. పైన బకెట్టు మర్చిపోయానని మెట్లెక్కాను. ఏడుపు వినబడింది."

"మంగాయమ్మ ఏడుపా?"

"మగ గొంతు. అయ్యగారు గోడకి తల ఆనించి ఏడుస్తున్నారు. 'మంగా, ఆ గొడ్డలి నా చేత ఎందుకు పట్టించావే' అంటున్నారు."

"అబద్ధం!" అరిచాడు వెంకటకృష్ణారావు.

"మీరు కూర్చోండి," అన్నాడు ఏసుపాదం. "చెప్పు దానమ్మా."

"కాళ్ల మీద పడ్డాను బాబూ. నా మొగుడెలాగూ పోయాడు, ఆడు చంపలేదని నలుగురిలో ఒక్క మాట చెప్పండయ్యా అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. 'నువ్వు విన్నానంటే ఎవడు నమ్ముతాడే' అన్నాడు. నవ్వాడు బాబూ. నవ్వి, కిటికీ వెయ్యడానికి అటు తిరిగాడు. అడ్డగడియ చేతికందింది."

ఆమె చెప్పింది కోర్టులో ఎంత నిలబడుతుందో ఏసుపాదానికి తెలుసు. చంపిన మనిషి, చచ్చినవాడి మీద చెప్పే మాట. వెంకటప్పయ్య సరిగ్గానే లెక్కవేశాడు.

దానమ్మ కొండలయ్య వైపు తిరిగింది.

"పద్దెనిమిదేళ్లు కాపలా ఉన్నావు బాబాయ్. నువ్వెప్పుడూ వినలేదా?"

కొండలయ్య పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేల మీద కూలబడ్డాడు.

"విన్నానండి," అన్నాడు. "ఏడాదికి రెండు మూడుసార్లు చాటుగా వచ్చేవారు. నన్ను కల్లుపాకకి పంపేసేవారు. ఒకసారి వెళ్లకుండా మెట్ల కింద ఉండిపోయాను. అంతా విన్నాను. ఆవిడ పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకుంటే, ఆ కోపంలో చేతికందిన గొడ్డలితో కొట్టారంట. దయ్యం ఏడుస్తోందని ఊళ్లో చెప్పింది నేనే. ఆయన చెప్పమన్నారు."

"ఎప్పుడు విన్నావు?"

కొండలయ్య తల ఎత్తలేదు.

"అడిగేది నిన్నే. ఎప్పుడు?"

"మొదటి ఏడాదేనండి. ఇశ్రాయేలు బతికుండగానే."

దానమ్మ ఏడవలేదు. ముసలివాడి వంక అలా చూస్తూ ఉండిపోయింది. వెంకటకృష్ణారావు మొహం అటు తిప్పుకున్నాడు.

ఏసుపాదం కొండలయ్య వాంగ్మూలాన్ని స్వయంగా రాశాడు. ముసలివాడు వేలిముద్ర వేశాడు. పోలరాజు జీపు గుమ్మం ముందుకి తెప్పించాడు.

"అందులో ఏం రాశారో ఓసారి చదవండి బాబూ," అంది దానమ్మ.

చదివాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.

"మా ఆయన పేరున్న చోట ఇంకోసారి."

"'ఇశ్రాయేలు నిర్దోషి అని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.'"

"ఇది కోర్టులో గట్టిగా చదువుతారా?"

"చదువుతారు."

"నన్ను అక్కడ ఉండనిస్తారా?"

"ఉంటావు." ఏసుపాదం కాగితం మడిచాడు. "బోనులో ఉంటావు దానమ్మా."

"ఎక్కడుంటే ఏముంది బాబూ. వినబడితే చాలు," అంది. ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే వెళ్లి జీపెక్కి కూర్చుంది.