గోడకేసి కూర్చున్నవాళ్ళు

లివియో ఓర్నెల్లాకు మొదటిసారి తారసపడింది మందుల షాపులో. ఇటలీలోని ఉదీనే ఊళ్ళో ఆమె నడిపే షాపుకొచ్చి దగ్గు మందు అడిగాడు.

"ఎవరికండీ?"

"మా కుక్కకి."

"ఇది మనుషుల షాపు."

"అది తననీ మనిషనే అనుకుంటోందండీ. కాదని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు."

ఆమె కసిరి పంపింది. మర్నాడు కుక్కని వెంటబెట్టుకొచ్చాడు. దానికసలు దగ్గే లేదని అప్పుడు తేలింది. ఏడాది తిరక్కుండా వాళ్ళ పెళ్ళయింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి, దత్తత కోసం బల్గేరియా వచ్చి, రూసేలోని పిల్లల ఆశ్రమంలో బొమ్మల మధ్య చతికిలబడ్డారిద్దరూ. ఎదురుగా ఐదేళ్ళ రాద్కా. వారంపాటు రోజూ వచ్చి పాపతో గడపాలి. పాపకి వీళ్ళ దగ్గర చనువైతేనే దత్తత పని ముందుకి సాగుతుంది.

లివియో నేలమీద పాకుతూ ఎలుగుబంటి అయిపోయాడు. రాద్కా కిలకిలమంటూ అతని వీపెక్కింది. ఓర్నెల్లా చెయ్యి చాచగానే మాత్రం వెనక్కి గెంతి ఏదో అంది.

"ఏమంటోంది?" అని నెవెనాని అడిగింది ఓర్నెల్లా. పాప మాట వీళ్ళకీ, వీళ్ళ మాట పాపకీ చెప్పడం నెవెనా పని.

"చిన్నపిల్లండీ, పట్టించుకోకండి."

"పర్లేదు, చెప్పండి."

"మీ చేతులు మందు వాసన వేస్తున్నాయట. సూది వెయ్యడానికొచ్చారని అనుకుంటోంది."

లివియో పకపకా నవ్వాడు. ఓర్నెల్లాకి నవ్వు రాలేదు. ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా రెండో రోజూ, మూడో రోజూ అదే తంతు. అతని వీపెక్కే పిల్లే తనని చూసి వెనక్కి గెంతుతోంది.

మూడో రోజు సాయంత్రం జోరువాన. నెవెనా తన కారులో వాళ్ళని హోటల్‌కి తీసుకెళ్తోంది.

"రేపు నువ్వు ఎలుగుబంటివి అవ్వు, నేను రిటైరైపోతా," అన్నాడు లివియో. "నడుం పట్టేసింది."

"నీకంతా ఆటే."

"ఆటగదిలో మరేం చెయ్యమంటావ్, పన్నులు కట్టమంటావా?"

"ఇంక చాలు లివియో. నీ వల్లే కదా ఇంత దూరం వచ్చి పరాయి పిల్ల ముందు చెయ్యి చాచాల్సొచ్చింది. లోపం నాలో లేదుగా."

లివియో కిటికీవైపు తిరిగాడు.

పిల్లలు పుట్టకపోవడానికి కారణం అతనేనని డాక్టర్ చెప్పిన రోజు, అది తమ మధ్య ఎన్నడూ మాటగా రాదని ఒట్టు పెట్టింది ఓర్నెల్లాయే. అత్తగారికి కూడా తెలియనివ్వలేదు. ఇప్పుడు మూడో మనిషి ముందు అనేసింది. నెవెనాకి ఇటాలియన్ తమంత బాగా వచ్చు. అద్దంలో ఆవిడ చెవులు ఎర్రబడటం చూసి ఓర్నెల్లా తల దించుకుంది.

హోటల్ ముందు కారు దిగాక లివియో గొడుగు ఆమెకి పట్టాడు. "మెట్లు తడిగా ఉన్నాయి, చూసి ఎక్కు."

అతను తనమీద అరిస్తే బాగుండుననిపించిందామెకు. భోజనం దగ్గర రొట్టె ఆమెవైపు జరిపాడు.

"లివియో, నేను..."

"తిను, చల్లారిపోతుంది."

మర్నాడు ఆటగదిలో ఎలుగుబంటి లేదు. లివియో గోడకానుకుని కూర్చున్నాడు. రాద్కా అతని భుజం పొడిచి చూసింది, చెవి లాగింది. చివరికి నెవెనా దగ్గరకెళ్ళి అడిగింది.

"ఈ మామకేమైందని అడుగుతోంది," అంది నెవెనా, ఓర్నెల్లా కళ్ళలోకి చూడకుండా. "ఒంట్లో బాలేదని చెప్పనా?"

అలా చెప్పించడం చాలా తేలిక. కానీ ఓర్నెల్లా తల అడ్డంగా ఊపింది.

"నేను నిన్న ఆయన్ని చాలా చెడ్డ మాట అన్నానని చెప్పండి."

"అలాగే చెప్పెయ్యనా?"

"అలాగే చెప్పండి."

రాద్కా విని మొహం చిట్లించింది. చరచరా వచ్చి ఓర్నెల్లా చెయ్యి పట్టుకుని గది మూలకి లాక్కెళ్ళింది. అక్కడ గోడకేసి రెండు బుల్లి కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఆమెని కూర్చోబెట్టి, రెండోదాంట్లో తనెక్కి కూర్చుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"తప్పు చేసినవాళ్ళు అక్కడ కూర్చోవాలట," అంది నెవెనా. "ఒక్కరే ఉంటే ఏడుపొస్తుందట. అందుకని తనూ కూర్చుంటుందట."

మూడు రోజులుగా ఏ చేతికోసం మొహం వాచిందో ఆ చెయ్యి, జిగురుజిగురుగా, వెచ్చగా, ఇప్పుడు తన చేతిలో ఉంది. జన్మలో అన్న అతి నీచమైన మాటకి ప్రతిఫలంగా దొరికింది. ఓర్నెల్లా తల ఇంకా కిందికి వాలిపోయింది.

వెనక అడుగుల చప్పుడు. లివియో వచ్చి ఆమె పక్కన నేలమీద, గోడకేసి కూర్చున్నాడు.

"నువ్వేం తప్పు చేశావ్?" అంది, అటు చూడకుండానే.

"ఇంకొకర్ని చేసుకునుంటే నువ్వు ఎప్పుడో అమ్మవయ్యేదానివని ఏళ్ళ తరబడి అనుకుంటున్నా. నీతో అనలేక జోకులేశాను."

"నాకింకెవరూ వద్దు. అప్పుడూ వద్దు, ఇప్పుడూ వద్దు. ఎలా అన్నానో ఆ మాట... నీ మొహం చూడ్డానికి సిగ్గుగా ఉంది."

"అందుకేగా గోడని చూస్తున్నాం."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతని గొంతు మెత్తబడింది. "నొప్పిగానే ఉంది ఓర్నెల్లా. ఇంకొన్నాళ్ళుంటుంది."

"ఉండనీ. నేనూ ఉంటాను."

రాద్కా కుర్చీలోంచి వంగి లివియోని చూసి ఏదో గుసగుసలాడింది.

"ఆవిడ ఎప్పుడు లేవచ్చో మామే చెప్పాలట," అంది నెవెనా.

లివియో తిరిగి చూశాడు. ఓర్నెల్లా వేళ్ళని పాప పిడికిలి గట్టిగా పట్టుకునే ఉంది.

"ఇంకాసేపు కూర్చోమనండి," అన్నాడు.